సెలవుల్లో పిల్లల్తో ఒకరోజు బిర్లా సైన్స్ సెంటర్: ఎలా వెళ్ళాలి, ఏం చూడాలి, ఏం వదిలేయాలి

సెలవులిచ్చి వారం తిరక్కముందే మా ఇంట్లో మొదలైపోతుంది, అమ్మా బోర్ కొడుతోంది, అమ్మా ఫోన్ ఇవ్వు, ఎక్కడికైనా తీస్కెళ్ళు అని. ఊరెళ్ళడానికి ఇంకా టైముంటుంది, బయట చూస్తే పదకొండింటికే ఎండ మాడ్చేస్తుంటుంది, మాల్‌కి తీసుకెళ్తే డబ్బులవుతాయి గానీ ఇంటికొచ్చాక దాని గురించి పిల్లలు ఒక్క మాట కూడా మాట్లాడరు. అందుకే నాలుగేళ్ళ నుంచి ప్రతి సెలవుల్లో ఒక రోజు హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌కి పెట్టేసుకుంటున్నాను. మా పెద్దోడికి ఇప్పుడు పదకొండు, చిన్నదానికి ఆరు, మాతో పాటు మా అత్తయ్య కూడా వస్తారు. మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ముగ్గురు ఎలా వెళ్ళాలి, చిన్నపిల్లలు కూర్చుంటారా, ఎంతసేపు పడుతుంది అని అడుగుతున్నారు కాబట్టి అంతా ఒకచోట రాసేస్తున్నా.

ముందుగా అన్నిటికంటే ముఖ్యమైన మాట, ఆ రోజు అదొక్కటే పెట్టుకోండి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఎలాగూ బయల్దేరాం కదా అని పొద్దున సాలార్‌జంగ్, మధ్యాహ్నం సైన్స్ మ్యూజియం, సాయంత్రం లుంబినీ పార్క్ అని పెట్టుకున్నాం. సాలార్‌జంగ్‌లో గంట కొట్టే గడియారం కోసం నిలబడేసరికే చిన్నదానికి నిద్రొచ్చేసింది, సైన్స్ మ్యూజియంలో పెద్దోడు ఒక ఎగ్జిబిట్ దగ్గర ఆగి బటన్ నొక్కి చూస్తుంటే నేను పద పద టైమైపోతోంది అని చెయ్యి పట్టి లాగేశాను. రాత్రి పడుకునేటప్పుడు వాడు అన్నాడు, అమ్మా అది ఎందుకు తలకిందులుగా కనిపించిందో నేను చూస్తుండగానే లాగేశావు అని. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. అన్నీ చూడాల్సిన పని లేదండీ, పిల్లాడు ఎక్కడ ఆగితే అక్కడ మనం కూడా ఆగాలి, అంతే. మిగతా ప్లానింగ్ అంతా దీనికోసమే. సాలార్‌జంగ్ వేరే రోజు పెట్టుకోండి, శుక్రవారం సెలవు గుర్తుపెట్టుకోండి, జూ అయితే సోమవారం సెలవు.

ఇప్పుడు వెళ్ళడం సంగతి. సైన్స్ సెంటర్ ఉండేది ఆదర్శ్‌నగర్ పక్కన నౌబత్ పహాడ్ కొండ మీద, బిర్లా మందిర్ ఉన్న కొండే. మేం కూకట్‌పల్లి వైపు నుంచి వస్తాం కాబట్టి మియాపూర్ ఎల్బీనగర్ రెడ్ లైన్ మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగుతాం, లక్డీకాపూల్ తర్వాత స్టేషన్. ఉప్పల్, నాగోల్ వైపు వాళ్ళయినా, హైటెక్ సిటీ, రాయదుర్గం వైపు వాళ్ళయినా బ్లూ లైన్‌లో వచ్చి అమీర్‌పేట్‌లో మారాలి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాళ్ళకి డైరెక్టే. స్టేషన్ నుంచి నడవగలిగే దూరమే గానీ చివర్లో కొండ ఎక్కుడు ఉంటుంది, ఎండాకాలం పిల్లల్తో పెద్దవాళ్ళతో అది వద్దు, స్టేషన్ బయటే ఆటో మాట్లాడుకుని పైదాకా వెళ్ళిపోండి. మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, మొదటిసారి నడిపించేశాం, పైకెళ్ళేసరికి ఆవిడ ముఖం చూసి నాకే బాధేసింది. కార్లో వచ్చేవాళ్ళు ఆదివారం, పండగ సెలవు రోజుల్లో రాకండి, గుడికొచ్చే వాళ్ళు, ట్యాంక్‌బండ్‌కొచ్చే వాళ్ళు అందరూ ఆ చుట్టుపక్కలే ఉంటారు. మంగళ బుధవారాలైతే హాయిగా ఉంటుంది.

టైమింగ్స్, టికెట్ రేట్లు అప్పుడప్పుడు మారుస్తుంటారు, నెలలో మెయింటెనెన్స్‌కి మూసే రోజులు కూడా ఉంటాయి, కాబట్టి ముందురోజే చూసుకోండి. చూసేటప్పుడు ముఖ్యంగా చూడాల్సింది ప్లానెటోరియం, అంటే గుండ్రటి పైకప్పు మీద చుక్కలు చూపించే హాలు, దాని షో టైములు. ఎందుకంటే మ్యూజియం ఎప్పుడైనా తిరగొచ్చు, షో మాత్రం ఆ టైముకే ఉంటుంది, పైగా తెలుగు షో వేరు ఇంగ్లీష్ షో వేరు. చాలామంది వెళ్ళీ వెళ్ళగానే మ్యూజియంలో దూరిపోయి, గంటన్నర తర్వాత బయటికొస్తే తెలుగు షో అప్పుడే మొదలైపోయి ఉంటుంది. మీరు లోపలికి వెళ్ళగానే ముందు షో టికెట్ తీసుకోండి, ఆ టైము బట్టి మిగతావి అటూ ఇటూ సర్దుకోండి. ఇంగ్లీష్ మీడియం పిల్లలే కదా అని ఇంగ్లీష్ షోకి తీసుకెళ్ళకండి, తెలుగు షోకే వెళ్ళండి, అందరూ కలిసి వినొచ్చు, ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా అర్థమవుతుంది, ఆ లాభం ఏంటో కింద చెప్తాను.

వెళ్ళే ముందు రెండు రోజులు ఇంట్లో చిన్న చిన్న పనులు చేయించండి, ఇది చాలా పనికొస్తుంది, నా మాట నమ్మండి. ఒక స్టీలు గరిటె ఇచ్చి లోపలివైపు ముఖం చూసుకోమనండి, తలకిందులుగా కనిపిస్తుంది, వెనక్కి తిప్పితే నిటారుగా చిన్నగా కనిపిస్తుంది. ఎందుకో మీరు చెప్పకండి. మ్యూజియంలో ఒంపు అద్దాల దగ్గరికి వెళ్ళగానే వాళ్ళే, ఇది మన గరిటె లోపలివైపు అని అరుస్తారు. రెండోది, దారానికి తాళంచెవి కట్టి ఊపండి. దారం పావు మీటరు ఉంటే అటు వెళ్ళి ఇటు రావడానికి దాదాపు ఒక సెకను పడుతుంది, మీటరు ఉంటే రెండు సెకన్లు. అంటే దారం నాలుగు రెట్లు పెంచితే టైము రెండు రెట్లే పెరిగింది. ఇప్పుడు ఒక తాళంచెవి బదులు గుత్తి మొత్తం కట్టి ఊపమనండి, టైము మారదు. మా పెద్దోడు దీన్ని అసలు ఒప్పుకోలేదు, బరువు ఎక్కువైతే తొందరగా ఊగాలి కదా అని అరగంట వాళ్ళ నాన్నతో వాదించి స్టాప్‌వాచ్ పెట్టి మరీ కొలిచాడు. అలా ఒకసారి వాదించుకున్న పిల్లాడు మ్యూజియంలో లోలకం చూస్తే దాటి వెళ్ళడు, ఆగుతాడు.

చిన్నపిల్లలుంటే ఇంకొకటి కూడా చేయాలి, చీకటి ప్రాక్టీసు. ప్లానెటోరియంలో లైట్లు నెమ్మదిగా తగ్గి పూర్తిగా చీకటైపోతుంది, పెద్ద సౌండ్ కూడా ఉంటుంది. మా చిన్నది నాలుగేళ్ళప్పుడు లైట్లు ఆరగానే ఏడుపు అందుకుంది, ఎత్తుకుని చీకట్లో తడుముకుంటూ బయటికి వచ్చేశాను, డబ్బులు పోతే పోయాయి గానీ తర్వాత ఏడాది అసలు లోపలికి రానని మొండికేసింది. అందుకని మరుసటిసారి వారం రోజులు రాత్రి పడుకునేముందు ఐదు నిమిషాలు లైట్లన్నీ ఆర్పేసి, ఇప్పుడు కళ్ళకి ఏమేం కనిపిస్తున్నాయో చెప్పు అని ఆట ఆడించాను. మొదట ఏమీ కనిపించదు, కాసేపటికి తలుపు సందు, ఫ్యాను, కర్టెన్ ఒక్కొక్కటే కనిపిస్తాయి. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి టైము పడుతుందని అప్పుడే దానికి తెలిసిపోయింది, షోలో నా చెవిలో, అమ్మా ఇంకాసేపాగితే ఇంకా చుక్కలొస్తాయి అని చెప్పింది. మూడేళ్ళలోపు పిల్లలైతే మాత్రం షోకి వద్దు, ఇంట్లో ఒకరు వాళ్ళతో బయట ఉండిపోండి. ఇంకా, షోకి ముందు అందరినీ బాత్రూమ్‌కి పంపండి, వద్దన్నా పంపండి.

బ్యాగులో ఏం పెట్టుకోవాలంటే, నీళ్ళు మనిషికో బాటిల్, టోపీలు, చిన్న నోట్‌బుక్ పెన్సిలు, కొంచెం క్యాష్, పులిహోర లేదా పెరుగన్నం డబ్బాలు, మజ్జిగ. పులిహోర ఎండకి పాడవ్వదు, చేతులు కడుక్కునే చోటు దొరక్కపోయినా చెంచాతో తినేయొచ్చు. లోపల గ్యాలరీల్లో తినొద్దు, బయట నీడ చూసుకుని తినండి. పొద్దున టిఫిన్ గట్టిగా పెట్టి బయల్దేరితే ఒంటిగంట దాకా ఎవరూ ఆకలి అనరు.

సరే లోపలికి వచ్చారు. అక్కడ అన్నీ ఒకేసారి వచ్చినవి కావు, 1985లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ప్లానెటోరియం ప్రారంభించారు, సైన్స్ మ్యూజియం 1990లో వచ్చింది, డైనోసోరియం 2000లో, అంతరిక్షం మీద మ్యూజియం 2019లో. మా ఆయన చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకొచ్చారంట, అప్పటికి డైనోసార్ లేదు, ఇప్పుడు కొడుకు పక్కన నిలబడి తనూ వాడిలాగే నోరు తెరుచుకుని చూస్తారు.

నన్నడిగితే ఓపిక ఉన్నప్పుడే, అంటే పొద్దున్నే, డైనోసార్ దగ్గరికి వెళ్ళిపోండి. ఇది ప్లాస్టిక్ బొమ్మ అనుకునేరు, కాదు. కోటాసారస్ యమనపల్లియెన్సిస్ అని దాని పేరు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో యమనపల్లి అనే ఊరి దగ్గర 1970ల చివర్లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళకి దొరికింది, 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టి లోకానికి చెప్పారు. మా పెద్దోడికి ఈ ముక్క చెప్పగానే, అంటే మన డైనోసారా, మన యాదగిరి పేరు పెట్టాడా అని ఎంత సంబరపడ్డాడో. అమెరికా డైనోసార్ల పేర్లు పది చెప్తారు మన పిల్లలు, గోదావరి పక్కన తిరిగిన దాని పేరు ఒక్కరికీ తెలీదు, అది నాకు చాలా బాధగా ఉంటుంది, అందుకే వెళ్ళేముందే ఆ పేరు రెండుసార్లు పలికించి తీసుకెళ్ళండి.

అక్కడ నిలబడి పిల్లలకి చూపించాల్సినవి చెప్తాను. ఆ చోట దొరికిన ఎముకలు మొత్తం 840, కనీసం 12 జంతువులవి, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. అంటే మనం చూసే అస్థిపంజరం ఒక్క జంతువుది కాదు, చాలా జంతువుల ఎముకల్ని ఏది ఎక్కడిదో పోల్చుకుని పేర్చిన పని. పన్నెండు సైకిళ్ళ విడిభాగాలు ఒకే గోతాంలో పోసి ఇచ్చి, ఒక సైకిలు కట్టు అంటే ఎలా ఉంటుందో అలాగ. ఇంకా అసలు విషయం, తల దొరకలేదు. రెండు పళ్ళు మాత్రం దొరికాయి. కాబట్టి తలవైపు చూపించి అడగండి, తల దొరక్కుండా ముఖం ఎలా ఉంటుందో ఎలా చెప్తారు అని. మా వాడు చాలాసేపు మెడ పైకెత్తి చూసి, దాని చుట్టాల తల చూసి చేస్తారేమో అన్నాడు. సరిగ్గా అదే. దగ్గరి జాతుల పుర్రెలు చూసి ఊహిస్తారు. పళ్ళని బట్టి ఏం తినేదో చెప్పొచ్చు, ఇది ఆకులు తినేదే, నాలుగు కాళ్ళ మీద నడిచేది, పొడుగు మెడ. కాలి ఎముకల పక్కన పిల్లల్ని నిలబెట్టి చూసుకోమనండి, వాళ్ళ తల దాని కాలిలో ఎక్కడిదాకా వస్తుందో నోట్‌బుక్‌లో గీసుకోమనండి, ఫోటో కంటే ఆ గీత బాగా గుర్తుంటుంది.

అది బతికింది పదహారు కోట్ల ఏళ్ళకి పైమాటే. ఇంకొక సంగతి కూడా చెప్పండి పిల్లలకి, మీరు ఇప్పుడు నిలబడ్డ ఈ కొండ, బయట కనిపించే బండరాళ్ళు, ఇదంతా దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. డైనోసార్ పుట్టేసరికే ఈ రాయి ముసలిది. జూబ్లీహిల్స్‌లో, గచ్చిబౌలిలో మనం రోజూ చూస్తూ తిరిగే బండలు అవే. అప్పట్నుంచి మా చిన్నది రోడ్డు పక్కన బండరాయి కనిపిస్తే తాతరాయి అంటుంది.

డైనోసార్ అయ్యాక సైన్స్ గ్యాలరీ. ఇక్కడ చాలావరకు బటన్ నొక్కి, హ్యాండిల్ తిప్పి చూసేవే ఉంటాయి, పిల్లలు ఒకదాని నుంచి ఒకదానికి పరుగెత్తి అన్ని బటన్లూ నొక్కేస్తారు, మొదటి పది నిమిషాలు అలా పరుగెత్తనివ్వండి. ఆ ఊపు తగ్గాక, నీకు బాగా నచ్చినవి మూడు చెప్పు, వాటి దగ్గరికే మళ్ళీ వెళ్దాం అనండి. మూడే. నొక్కేముందు ఏమవుతుందనుకుంటున్నావు అని అడగండి, నొక్కాక ఏమైందో చెప్పించండి, తప్పు చెప్తే దిద్దకండి, ఇంకోసారి నొక్కమనండి. మీకు తెలిసినా బోర్డు మీదున్నది చదివేసి వినిపించకండి, అది వినగానే పిల్లల కళ్ళు పక్కకి తిరిగిపోతాయి. ఒకటి పనిచేయకపోతే అక్కడ విసుక్కుంటూ నిలబడకండి, ఇంకోటి చూడండి.

స్పేస్ మ్యూజియంలో ఇస్రో రాకెట్లు, ఉపగ్రహాల నమూనాలు ఉంటాయి. పిల్లలందరికీ 2023 ఆగస్టు 23న చంద్రయాన్ 3 దిగడం టీవీలో చూసిన గుర్తు ఉంటుంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి. పీఎస్ఎల్వీ రాకెట్ నమూనా దగ్గర ఆగి ఇది అసలు సైజులో 44 మీటర్లు, అంటే పద్నాలుగు అంతస్తుల బిల్డింగంత అని చెప్పండి. దానికి నాలుగు దశలు, మొదటిది మూడోది ఘన ఇంధనం, రెండోది నాలుగోది ద్రవ ఇంధనం, ఒక దశ ఇంధనం అయిపోగానే ఆ ఖాళీ డొక్కు ఊడి పడిపోతుంది. ఎందుకు పడేస్తారు, మళ్ళీ వాడుకోవచ్చుగా అని అడుగుతారు, మెట్లెక్కేటప్పుడు ఖాళీ అయిన నీళ్ళ క్యాను కూడా మోసుకుంటూ ఎక్కుతామా అని చెప్తే వెంటనే అర్థమైపోతుంది.

ఇక ప్లానెటోరియం. డోమ్ కింద కూర్చుంటాం కాబట్టి మరీ ముందు కూర్చుంటే మెడ నొప్పెడుతుంది, పిల్లల్ని ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని వెనక్కి వాలి చూడండి, ఫోన్లు పూర్తిగా ఆపేయండి, ఒక్క స్క్రీన్ వెలుగు చాలు చుట్టూ ఉన్న వాళ్ళందరికీ చుక్కలు పోవడానికి. తెలుగు షో ఎందుకన్నానో ఇప్పుడు చెప్తా. పోయినేడు చుక్కలన్నీ ఒక్కసారిగా డోమ్ నిండా పరుచుకున్నప్పుడు మా అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని, అదిగో పిల్లలకోడి, మా ఊళ్ళో మేడ మీద పడుకుని చూసేవాళ్ళం, ఇదిగో ఇటు గొల్లకావడి అని చూపించారు. షోలో కృత్తికలు అని చెప్పిందే ఆవిడ పిల్లలకోడి. మూడు చుక్కలు వరసగా ఉండేది గొల్లకావడి. మా పెద్దోడు బయటికొచ్చాక వాళ్ళ నాయనమ్మ చుట్టూ తిరిగి, ఇంకేం పేర్లు తెలుసు నీకు అని అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, సప్తర్షుల్ని మంచంకోళ్ళు అంటారని అప్పుడే నాకూ తెలిసింది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా ఆవిడని మేం ఎప్పుడూ ఈ సంగతి అడగలేదు. మీ ఇంట్లో ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య ఎవరున్నా తప్పకుండా తీసుకెళ్ళండి, ఎండ, మెట్లు అని ఇంట్లో వదిలేసి రాకండి.

షో అయ్యేసరికి ఎండ తగ్గుతుంది కాబట్టి సాయంత్రం పక్కనే బిర్లా మందిర్‌కి వెళ్ళొచ్చు, ఎండలో పాలరాయి మీద కాళ్ళు కాలిపోతాయి గానీ సాయంత్రం గాలికి చాలా బాగుంటుంది. ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరు, బయట పెట్టి వెళ్ళాలి. అక్కడ గుడి గంటలు ఉండవు గమనించారా, ధ్యానానికి నిశ్శబ్దంగా ఉండాలని అలా కట్టారు. పై నుంచి హుస్సేన్‌సాగర్, మధ్యలో బుద్ధుడి విగ్రహం, ఊరంతా కనిపిస్తుంది. పిల్లలు అలిసిపోతే మాత్రం ఇది కూడా వదిలేసి ఇంటికి వచ్చేయండి.

మర్నాడు ఏం చేయాలో కూడా చెప్తా, ఎందుకంటే ఆ వేడి తగ్గకముందే ఇంకోటి చేయిస్తే భలే ఉంటుంది. రాత్రి మేడ మీదకి తీసుకెళ్ళి ఉత్తరం వైపు తిరిగి చెయ్యి బాగా చాపి పిడికిలి పట్టమనండి. చాపిన చేతి పిడికిలి వెడల్పు దాదాపు పది డిగ్రీలు. ధ్రువ నక్షత్రం మన ఊరి అక్షాంశం ఎంతో అంత ఎత్తులో ఉంటుంది, హైదరాబాద్‌కి అది 17 డిగ్రీల చిల్లర, అంటే నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి, రెండోది పూర్తిగా కాకముందే. పిల్లల పిడికిలి చిన్నది కదా అనుకోకండి, చెయ్యి కూడా పొట్టిదే కాబట్టి లెక్క సరిపోతుంది. ఎండాకాలం రాత్రి ఎనిమిది తొమ్మిదింటికి సప్తర్షులు ఉత్తరాన పైనే ఉంటారు, ఆ ఏడు చుక్కలు గరిటెలా కనిపిస్తాయి, గరిటె గిన్నెలో కాడకి దూరంగా ఉన్న రెండు చుక్కల్ని కలిపి గీత సాగదీస్తే కిందకి వచ్చి ధ్రువుడి దగ్గర ఆగుతుంది. ఊళ్ళో లైట్లకి అది మసగ్గా కనిపిస్తుంది, ఓపిగ్గా వెతకండి.

వేసవి సెలవుల్లో వెళ్తే మాత్రం మే 9 తేదీ మర్చిపోకండి. ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకి వస్తాడు, నిటారుగా ఉన్న దేనికీ పక్కకి నీడ పడదు. ఆగస్టు 3 దగ్గర ఇంకోసారి వస్తుంది గానీ అప్పుడు మబ్బులు పడతాయి, స్కూళ్ళు కూడా ఉంటాయి. మేము పోయినేడు అత్తయ్య రోకలిని మేడ మీద నిలబెట్టాం, పన్నెండింటి నుంచి రెండేసి నిమిషాలకొకసారి నీడ చివర చాక్‌పీసుతో గీత గీశారు పిల్లలు, ఒక్కో గీతకి నీడ రోకలి దగ్గరికి జరుగుతూ జరుగుతూ చివరికి మొదట్లోకి దూరిపోయింది, చిన్నది రోకలి చుట్టూ తిరిగి వెతికింది. గచ్చు విపరీతంగా కాలుతుంది, అందరికీ చెప్పులు వేయించండి, సూర్యుడి వైపు చూడొద్దని ముందే గట్టిగా చెప్పండి, పన్నెండు కొట్టేసరికి మేడ మీద ఉండండి.